సున్నాలమ్మ, కాలు విరిగిన నాలుగు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు చేసింది నేనే. చివర్లో ఎవరో బయటపెడితే ఇంకా సిగ్గుచేటు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. తప్పు ఒప్పుకునే గుణం మాత్రం అరికాలి దగ్గరెక్కడో ఉండేది. దాన్ని నోటిదాకా తెప్పించింది సున్నాలమ్మ. కాబట్టి ఇది ఆవిడ గురించి చెప్పాల్సిన కథ, మధ్యలో నేను తగులుతూ ఉంటాను, ఏమనుకోకండి.

ఆవిడ మా రికార్డు గది మనిషి. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పెద్ద డాక్టరు దగ్గర నుంచి లిఫ్టు నడిపేవాడి దాకా అందరికీ సున్నాలమ్మే. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఆవిడ నొచ్చుకునేది కాదు. "సున్నాలే కదా వేశారు, నిందలు వెయ్యలేదుగా" అని నవ్వేసేది.

మొదట ఆవిడ బట్టల గదిలో చేరిందట, పందొమ్మిదేళ్ళప్పుడు. వార్డుకో రంగు దారంతో దుప్పట్ల మూలన నంబర్లు కుట్టడం పని. ఒక దుప్పటి కనపడకపోతే ఏ వార్డులో ఏ మంచం మీద ఉందో కూర్చున్న చోటునుంచే చెప్పేదని, ఆ జ్ఞాపకశక్తి చూసి పాత సూపరింటెండెంటు రికార్డు గదికి మార్చాడని చెబుతారు. గది మెట్ల కింద ఉంటుంది. గోడ పైన జానెడు కిటికీ, దాంట్లోంచి బయట నడిచేవాళ్ళ చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. నిలువెత్తు ఇనుప అరలు, పొట్టి స్టూలు, నంబర్లు కొట్టే మిషను. అదే ఆవిడ సంసారం.

ఆ మిషను చూడనివాళ్ళకి చెబుతాను. అరచేతిలో పట్టేంత ఇనుప దిమ్మ, పైన పిడి, లోపల పక్కపక్కనే ఐదు చక్రాలు. పిడి మీద ఒక్క గుద్దు గుద్దితే ఠక్కున కాగితం మీద నంబరు పడుతుంది. ఐదు చక్రాలూ ఎప్పుడూ పడాల్సిందే కాబట్టి ఒకటో నంబరు ఫైలు 00001 అవుతుంది. పద్నాలుగేళ్ళ కిందట ఆపరేషన్ల విభాగం మొదలైనప్పుడు ఆ మిషను వచ్చింది. వచ్చిన నెలకే బల్ల మీంచి జారి పడి, పదుల చక్రం మీది నాలుగుకి కాలు విరిగింది. మార్పిద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "అదేమన్నా నడవాలా, ఉండనివ్వండి" అంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రోగి పేరు ఫైలు అట్ట మీద ఒక్కచోటే రాస్తారు. లోపలి కాగితాల మీద పేరుండదు, కుడి పై మూలన నంబరు ముద్ర మాత్రమే ఉంటుంది. వార్డులో అటూ ఇటూ తిరిగే కాగితాల్లో ఎవరి జబ్బు ఎవరిదో పదిమందికీ తెలియకూడదని ఆ ఏర్పాటు. మిషను రాకముందు చేత్తోనే రాసేవాళ్ళు. ఒకసారి 62 అని రాసిన కాగితం ముందు పెన్ను గీత ఒకటి పడి 162 అయి కూర్చుంది. ఆ కాగితం ఇంకొకరి ఫైల్లోకి వెళ్ళి, అవసరం లేని మందు రెండు రోజులు మింగాడు ఒక పెద్దాయన. బతికాడు గానీ, సున్నాలమ్మ ఆ రెండు రోజుల్ని మరిచిపోలేదు.

"ముందు జాగా ఖాళీగా వదిలామనుకో తల్లీ, ఎవరో ఒకరొచ్చి కూర్చుంటారు. సున్నాని కూర్చోబెడితే ఇంకెవరూ కూర్చోరు" అనేది నాతో.

నేను కంప్యూటరు విభాగంలో చేరిన ఏడాదికి పాత ఫైళ్ళన్నీ స్కాన్ చెయ్యమని ఆర్డరొచ్చింది. మొత్తం రెండువేల నాలుగు వందల ఫైళ్ళు. అట్టలు మందం, మిషన్లో దూరవు, అందుకని లోపలి కాగితాల్నే స్కాన్ చేసి, పేర్లు విడిగా పట్టికలో ఎక్కించారు. అయిపోయాక కాగితాలు లారీ ఎక్కి గుజ్జు ఫ్యాక్టరీకి పోయాయి. ఆ రోజు సున్నాలమ్మ గేటు దాకా వెళ్ళి లారీ మలుపు తిరిగేదాకా నిలబడిందట. గది ఖాళీ అయింది కదా అని ఆవిడను టోకెన్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. రిటైరవడానికి ఇంకా మూడు నెలలుంది.

ఇక నా ఘనకార్యం. కొత్త కంప్యూటరు వ్యవస్థకి ఫైలు పేరులో ఆరంకెలు కావాలి. స్కాన్ చేసినవాళ్ళు ముద్రలో ఉన్నట్టే ఐదంకెలతో పేర్లు పెట్టారు. ఆరుకి పెంచాలి. దానికి నేను షెల్ స్క్రిప్టు రాశాను. షెల్ స్క్రిప్టు అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకే పని వెయ్యిసార్లు చెయ్యాల్సి వస్తే, ఎలా చెయ్యాలో నాలుగు వరసల్లో రాసి కంప్యూటరుకి పురమాయిస్తాం. అది విసుక్కోకుండా వెయ్యిసార్లూ చేస్తుంది. నా నాలుగు వరసల సారాంశం ఇది: ఒక్కో ఫైలు పేరు తీసుకో, దాన్ని లెక్కగా చదువు, ముందు సున్నాలు చేర్చి ఆరంకెలు చెయ్యి, కొత్త ఫోల్డరులో పెట్టు. ఏదైనా తేడా వచ్చి గొణిగితే ఆ గొణుగుడంతా చెత్తబుట్టలో పడెయ్యి.

అది నడిపే రోజున సున్నాలమ్మ నా గదికొచ్చింది, మధ్యాహ్నం టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని.

"ఐదుని ఆరు చెయ్యడమేగా అమ్మాయ్. ముందు ఇంకో సున్నా అతికిస్తే సరిపోదూ?"

"అలా అతికించడం చిన్నపిల్లల పని పిన్నీ. ఇది లెక్క తెలిసి చేస్తుంది" అన్నాను దీర్ఘం తీస్తూ.

"తేడా వస్తే అరుస్తుందా?"

"అరుస్తుంది. అందుకే నోరు కట్టేశాను. పోయినసారి స్క్రీనంతా ఒకటే గోల."

"నోరు కట్టేస్తే ఎలా తెలుస్తుంది తల్లీ?"

"తేడా రాదు పిన్నీ! మీ సున్నాలకి విలువే లేదు, అవి ఉన్నా ఒకటే, తీసేసినా ఒకటే. ముందు అన్నం తినండి."

ఆవిడ డబ్బా మూత తీస్తూ, "పోనీ, నా తృప్తి కోసం ఒక పది ఫైళ్ళు తెరిచి చూసుకో" అంది.

స్క్రిప్టు నిమిషంలో ముగిసింది. కొత్త ఫోల్డరు తెరిచాను. ఒకటి, రెండు, మూడు, వరస ఎక్కడా తెగకుండా చక్కగా ఉన్నాయి. ఒకటో ఫైలు తెరిచాను, మూలన 00001. రెండోది 00002. అలా ఏడు చూశాను. ఏడూ సరిగ్గా ఉన్నాయి. ఇంతలో మూడో వార్డు నుంచి ప్రింటరు పనిచెయ్యడం లేదని ఫోనొస్తే లేచి వెళ్ళిపోయాను. ఎనిమిదో ఫైలు తెరవలేదు. పాత ఫోల్డరులో ఏమైనా మిగిలాయా అని కూడా చూడలేదు.

పాత ఫైలు అడిగేవాళ్ళు తక్కువ. మూడు వారాల్లో ఆరుగురు అడిగితే ముగ్గురివి దొరకలేదు. ఎందుకు దొరకలేదని సూపరింటెండెంటు నన్ను అడిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా స్క్రిప్టు మీద అనుమానమా! "స్కానింగుకి ఆ కాగితాలే వచ్చి ఉండవు. రికార్డు గది వాళ్ళని అడగండి" అన్నాను. రికార్డు గది వాళ్ళంటే ఒక్క మనిషే కదా. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి సున్నాలమ్మకి మెమో ఇచ్చారు.

ఆ ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. మెమో సంగతి మాట్లాడ్డానికి కాదు, అంత మంచిదాన్ని కాను. నంబర్ల మిషను ఆవిడ ఇంటికి పట్టుకుపోయిందని, అది స్టోరులో అప్పగించాలని స్టోరు గుమాస్తా నా చెవి కొరుకుతుంటే వెళ్ళాను. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పక్క సందులో మేడమీద రెండు గదులు. ముందు గదిలో వాళ్ళాయన తాళాలు బాగుచేస్తాడు. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ తాళంచెవి, ప్రతి చెవికీ చిన్న చీటీ: 001, 002, 003. ఆయనకి చెవులు సరిగా వినపడవు. నన్ను చూసి, "బీరువాదా, తలుపుదా?" అని అడిగాడు.

లోపల్నుంచి ఆయన చెల్లెలు వచ్చింది, చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ. సున్నాలమ్మకి ఆడపడుచు. మనిషి మంచిదే గానీ నోటికి పదునెక్కువ.

"మా వదినని ఏడిపించిన కంప్యూటరమ్మాయివి నువ్వేనా?"

"ఎవరు ఏడ్చారే? ఉల్లిపాయ పట్టుకుని నువ్వే ఏడుస్తున్నావు" అంటూ సున్నాలమ్మ నన్ను లోపలికి లాక్కుపోయింది. డబ్బాల మీద కూడా నంబర్లే. ఆడపడుచు ఊరుకోలేదు. "చూడు, చూడు. ఉప్పు డబ్బా 004. నాకూ వీపు మీద కొడతానందొకసారి. పారిపోయాను." ఆ ఇంట్లో నవ్వు ఆగదు. టీ ఇచ్చారు. మంచం పక్క అల్మారాలో, పాత కళ్ళజోడు కింద, నాలుగు మడతలు పెట్టిన మెమో కాగితం కనిపించింది. పైన ప్రభుత్వ ముద్ర ఉన్న మూల మాత్రం బయటికుంది.

మిషను సంగతెత్తాను. ఆవిడ దాన్ని తీసుకొచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకో రెండు నెలలు నా దగ్గరుండనివ్వమ్మా. నాతోపాటే అప్పగించేస్తాను" అని, పిడిని పైటతో తుడుస్తూ, "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఆ మూడు ఫైళ్ళూ నేను కట్టకట్టి ఇచ్చాను. నా చేత్తో ఇచ్చాను. ఎక్కడో ఉండే ఉంటాయి, కాస్త వెతకవూ?" అంది.

"చూస్తాను పిన్నీ" అన్నాను. చూడలేదు. మెట్లు దిగుతుంటే మనసు చివుక్కుమంది, సందు చివరకొచ్చేసరికి సర్దుకుంది. మనసుకి ఏం పోయింది, ఎలా చెబితే అలా వింటుంది.

తరవాత పది రోజులకి, ఒక మధ్యాహ్నం టోకెన్ల కిటికీ దగ్గరికి కుట్టుపని చేసే అమ్మాయి ఒకతి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆమెకు కడుపులో గడ్డ తీసే ఆపరేషను. అప్పుడు నేనక్కడ లేను, తరవాత ఆ అమ్మాయే చెప్పింది. వరసలో నిలబడి తన వంతు రాగానే టోకెను అడగకుండా కళ్ళనీళ్ళు పెట్టుకుందట.

"నాకు పదకొండేళ్ళప్పుడు ఇక్కడే కాలికి ఆపరేషన్ చేశారమ్మా. మత్తు సూదేసిన కాసేపటికే ఊపిరి ఆగిపోయిందంట. ఎలాగో బతికించారు. ఏదో మందు నా ఒంటికి పడదని చెప్పారు. ఆ పేరు మా అమ్మకి నోటికొచ్చు. అమ్మ పోయి రెండేళ్ళయింది. నాకు పేరు తెలీదు. ఫైల్లో రాసే ఉంటుందిలే అని ధీమాగా ఉన్నాను. ఇందాక మత్తు డాక్టరుగారు ఫైలు చూసి, అలాంటిదేం రాసి లేదు, చిన్నప్పటి భయం కదా, ఏదో ఊహించుకుని ఉంటావు అన్నారు. నేను ఊహించుకోలేదమ్మా. రేపు మొదటి పేరు నాదే."

"నీ పాత చీటీ ఉందా తల్లీ?" అని అడిగింది సున్నాలమ్మ.

ఉంది. గుండీల డబ్బాలో అడుగున దాచుకున్నదట. అట్టముక్క మీద 00145. నాలుగుకి కాలు లేదు.

సున్నాలమ్మ కిటికీ మూసేసింది. వరసలో వాళ్ళు గొణిగారు, ఒకాయన గట్టిగానే తిట్టాడు. "ఐదు నిమిషాలు నాయనా, తరవాత తిట్టుకో" అని చెప్పి, నొప్పి మోకాళ్ళతో మూడంతస్తులు ఎక్కి నా గదికొచ్చింది. లిఫ్టు ఖాళీ అయ్యేదాకా కూడా ఆగలేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. "పిన్నీ, టోకెన్లు వదిలేసి వచ్చారా? మళ్ళీ మెమో కావాలా మీకు?"

"ఇస్తే తీసుకుంటాలే. ముందు నూట నలభై ఐదో ఫైలు తియ్యి."

తీశాను, విసుగ్గానే. 000145 తెరుచుకుంది. మసక కాగితం, నాడి, జ్వరం, కుట్లు విప్పిన తేదీ. మందు పడలేదన్న మాటే లేదు. సున్నాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని స్క్రీనుకి ముక్కు ఆనించినంత పని చేసింది.

"ఇది ఆ పిల్లది కాదు."

"పాత సిరా పిన్నీ. మసకబారింది."

"బారనీ. నా నాలుగుకి కాలుండదు. ఇక్కడ అసలు నాలుగే లేదు. పెద్దగా చెయ్యి."

మూలను పెద్దది చేశాను. 00221.

అయినా నోరు ఊరుకుంటుందా? "స్కాన్ చేసినవాళ్ళు పేరు తప్పు పెట్టుంటారు" అన్నాను.

"అయితే ఇంకోటి తియ్యి. ఎనిమిది."

ఎనిమిదో ఫైలు తెరిచాను. మూలన 00010. ఆవిడ టోకెను చీటీ వెనక ఒక పక్క 8, ఒక పక్క 10 అని రాసుకుంది. "ఇరవై తియ్యి." 00024. "యాభై." 00062. "వంద."

వందో ఫైలు మూలన 00144 ఉంది. మధ్య నాలుగుకి కాలు లేదు.

"ఆగు, ఆగు. ఆ పిల్ల పక్కింటికొచ్చేశాం" అంది సున్నాలమ్మ, నా భుజం పట్టుకుని. "పక్క తలుపు తియ్యి తల్లీ."

000101 తెరిచాను. 00145. కాలు విరిగిన నాలుగు. రెండో కాగితం మీద ఎర్ర సిరాతో మందు పేరు, దాని కింద రెండు గీతలు, "ఇంకెప్పుడూ ఇవ్వరాదు" అన్న మాట. ఆ పక్కన, విషయం వివరించి చెప్పామన్నదానికి గుర్తుగా, ఆ అమ్మాయి తల్లి సంతకం. రాయడం అలవాటు లేని చెయ్యి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఇంకా చీటీ వంకే చూస్తోంది.

"అమ్మాయ్, ముద్రల్లో ఎక్కడా ఎనిమిదీ తొమ్మిదీ రాలేదేంటి? నేను పద్నాలుగేళ్ళు కొట్టాను, అవి కొట్టకుండా ఎలా ఉంటాను?"

అప్పుడు తెలిసింది నాకు. నా వరసలు చదివి నడిపేది షెల్ అనే ప్రోగ్రాం. షెల్‌కి ఒక పాత అలవాటుంది. లెక్కలో అంకె ముందు సున్నా కనపడితే, అది మన పదుల లెక్క కాదని, ఎనిమిదుల లెక్కని అనుకుంటుంది. ఆ లెక్కలో ఏడు తరవాత పదే. ఎనిమిది, తొమ్మిది అన్న అంకెలే ఉండవు. అందుకే 00010ని ఎనిమిది అనుకుంది. 00145ని ఒక అరవై నాలుగు, నాలుగు ఎనిమిదులు, ఒక ఐదు అని కూడి నూటొకటి చేసింది. ఏడు దాకా రెండు లెక్కలూ ఒకటే. నేను చూసిందీ ఆ ఏడే. ఇక ఎనిమిదో తొమ్మిదో ఉన్న నంబరు వచ్చిన ప్రతిసారీ, ఇది నాకు అర్థం కాలేదని అది అరిచింది. ఆ నోరే నేను కట్టేశాను.

పాత ఫోల్డరు తెరిచాను. పదకొండు వందల ఇరవై ఫైళ్ళు, ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. సున్నాలమ్మకి మెమో తెచ్చిపెట్టిన మూడు ఫైళ్ళూ అందులోనే ఉన్నాయి. ఆవిడ వాటిని వేలితో చూపించి, "ఇవిగో, నేను ఇచ్చాననలేదూ" అంది. గొంతులో కోపం లేదు. తప్పిపోయిన గొడుగు దొరికినట్టు అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"పిన్నీ, నన్ను క్షమించండి."

"అది తరవాత. తొమ్మిదింటికి ఆ పిల్లది మొదటి పేరు. పద."

మత్తు డాక్టరు తన గదిలో ఏదో రాసుకుంటున్నారు. అచ్చు తీసిన కాగితం బల్ల మీద పెట్టి, "ఇందాక మీరు చూసింది ఇంకొకరి ఫైలండి. తప్పు నాది. నా స్క్రిప్టు నంబర్లు మార్చేసింది, నేను సరిచూడలేదు" అన్నాను. అన్నాను అంటే, ఎలాగో నోరు పెగిలింది. డాక్టరుగారు కాగితం చదివారు. కలం మూత పెట్టారు. మళ్ళీ చదివారు.

"రేపు నేను ఇవ్వబోయే మందు ఇదే" అన్నారు.

ఊహించుకుని ఉంటావన్న ఆ డాక్టరే స్వయంగా వార్డుకి వెళ్ళి, ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చుని, మందు పేరు పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. "నువ్వు చెప్పిందే నిజం. నేను వినాల్సింది" అన్నారట.

సూపరింటెండెంటు నన్ను కూర్చోమనకుండా అరగంట చీవాట్లు పెట్టాడు. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు, నా జీవితంలో అదో రికార్డు. పాత ఫైళ్ళు ఎవరికీ ఇవ్వకుండా ఆపించాం. ఈలోగా తప్పు ఫైలు వెళ్ళింది ఇంకో ముగ్గురికి. వాళ్ళు కుట్ల మచ్చ చూపించుకుని పోయినవాళ్ళే, కీడేమీ జరగలేదు. మెమో వెనక్కి తీసుకుంటూ ఇచ్చే కాగితం నేనే రాస్తానని అడిగి రాశాను. అందులో నా పేరు, నా తప్పు, తేదీతో సహా పెట్టాను. సున్నాలమ్మ దాన్ని చదివి, "అబ్బో, ఇంత పొడుగెందుకమ్మా, అల్మారాలో పట్టద్దూ" అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే ఇద్దరం కూర్చున్నాం, సరిదిద్దడానికి. ఏ ఫైలూ చెరిగిపోలేదు, ఒకదాని మీద ఒకటి పడలేదు, పేర్లే మారాయి. ఎలా చెడిందో తెలిసింది కాబట్టి వెనక్కి తిప్పడం కష్టం కాలేదు. ఈసారి ముందున్న సున్నాలు ఒలిచేశాకే లెక్కలోకి దిగమని, ఇది పదుల లెక్కేనని గట్టిగా చెప్పి రాశాను. నిజానికి ముందు ఇంకో సున్నా అతికిస్తే చాలు, ఆవిడ మొదట అన్నట్టే. ఆ మాటా ఆవిడతో ఒప్పుకున్నాను. గొణుగుడు చెత్తబుట్టలో పడేసే ముక్క తీసేశాను. నడిపితే మూడు చోట్ల అరిచింది. మూడూ స్కాన్ చేసినవాళ్ళు పేరులో అంకె బదులు అక్షరం కొట్టినవి. సున్నాలమ్మ ముద్రలు చూసి ఒక్కోటీ చెప్పింది, నేను సరిచేశాను. తరవాత పది ఫైళ్ళు కాదు, రెండువేల నాలుగు వందలూ తెరిచి మూలన ముద్ర చూడ్డానికి మాకు పదకొండు రోజులు పట్టింది.

కానీ ఆ మొదటి రోజు ఆవిడ మనసు పనిలో లేదు. తొమ్మిది కొట్టగానే కళ్ళజోడు తీసేసింది. తొమ్మిదిన్నరకి ఒకసారి, పదికి ఒకసారి, "ఇంకా అవలేదంటావా?" అంది. నేను మొహం స్క్రీనుకి అతికించి కూర్చున్నాను గానీ ఒక్క అంకె కనపడితే ఒట్టు. కొత్త మందు పడుతుందో లేదో, ఊపిరి ఆగుతుందో, ఎవరికి తెలుసు? పదకొండింటికి ఇక ఉండబట్టలేక ఇద్దరం కిందికి దిగాం.

ఆపరేషను గది పక్క వార్డు తలుపు దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి పెద్ద గొంతు వినిపించింది. కుట్టుపనమ్మాయే. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. నీళ్ళు కావాలని, మీరంతా దొంగలని, నా గుండీల డబ్బా ఎవరు తీశారని, అమ్మని పిలవండని, నోటికొచ్చినట్టు అరుస్తోంది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని, "హుష్, అరవకు తల్లీ, పక్కన వేరే వాళ్ళున్నారు" అంటోంది.

సున్నాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. పిడి కొట్టి కొట్టి అరచేయి గరుగ్గా ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకోకుండానే నర్సుతో అంది:

"అరవనీ అమ్మా. కాసేపు అరవనీ."